వియన్నాలో కరెంటు పోయింది

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. సాయంత్రం ఐదింటికి జయమ్మని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలు. చీపురు పట్టి బతికే మనిషిని ఒకసారి లోపల పడేస్తే మళ్ళీ బయటికి లాగడానికి ఎన్నేళ్ళు పడుతుందో వీరలక్ష్మికి ఎవరూ చెప్పక్కర్లేదు. మహిళా పోలీస్ స్టేషన్లో పదకొండేళ్ళు కానిస్టేబులుగా చేసి, పై అధికారి బల్ల మీద ఫైలు విసిరికొట్టి బయటికొచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు చందానగర్‌లో మిక్సీ రిపేరు కొట్టు మీద ఒక గది, దాని గుమ్మానికి ‘డిటెక్టివ్’ అని ఒక రేకు బోర్డు. అంతే ఆస్తి.

మణికొండలో ఈ పన్నెండో అంతస్తు ఫ్లాటు తలుపు దేవిశ్రీ తీసింది.

“రండి రండి. చెప్పులు బయట వదిలేసి ఇవి వేసుకోండి, గచ్చు జారుతుంది.” ఇంట్లో తిరిగే మెత్తటి చెప్పులు ముందుకు నెట్టింది. వీరలక్ష్మి కాళ్ళకి అవి అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. దేవిశ్రీ నవ్వింది. “చూశారా, మనిద్దరిదీ ఒకటే సైజండీ! ఎత్తూ ఒకటే. మా ఆయన పక్కన నిలబడితే నన్ను స్కూలు పిల్లనుకుంటారు.”

మా ఆయన అంటే రవికిరణ్. సోఫాలో కూర్చున్నా పొడుగ్గానే ఉన్నాడు. ఆరడుగుల పైన ఇంకో రెండంగుళాలు. మొగుడూ పెళ్ళాం ఇద్దరిదీ హైటెక్ సిటీలో ఒకే కంపెనీ, ఒకే టీము. ఆ కంపెనీ ఏడో అంతస్తు మెట్ల మీంచే పోయిన మంగళవారం లక్ష్మీనారాయణ అనే పెద్ద మేనేజరు కింద పడి చచ్చిపోయాడు. పడలేదు, తోశారు. నాలుగూ ఇరవయ్యారుకి ఆ మెట్ల తలుపు తెరుచుకుంది. తెరిచిన కార్డు, హౌస్‌కీపింగ్ జయమ్మది. ముందురోజే లక్ష్మీనారాయణ పదిమందిలో జయమ్మని తిట్టాడట. పోలీసులకి అది చాలు. కార్డు నీలం కోటు జేబులో ఉంది, కోటు గోడకి తగిలించి టీ తాగుతున్నాను, తిరిగొచ్చేసరికి కోటే లేదు అని ఆవిడ నెత్తీనోరూ కొట్టుకున్నా రాసుకున్నవాడు లేడు.

మరి లక్ష్మీనారాయణ నోరు మూతబడితే ఎవరికి లాభం? రెండు రోజులు తవ్వితే వీరలక్ష్మికి తేలింది ఇది. రవికిరణ్, దేవిశ్రీల టీము నుంచి క్లయింటు సాఫ్ట్‌వేరు బయటికి పోతోందని లక్ష్మీనారాయణకి తెలిసిపోయింది. బుధవారం పైవాళ్ళకి చెప్పబోతున్నాడు. మంగళవారం చచ్చిపోయాడు.

ఒక్కటే చిక్కు. ఆ మంగళవారం ఈ జంట వియన్నాలో సైకిలు తొక్కుతున్నారు.

“వియన్నా టైము పన్నెండూ యాభయ్యారు. ఇక్కడ నాలుగూ ఇరవయ్యారు. ఎక్కడున్నారు?” అంది వీరలక్ష్మి, ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా.

“ఎన్నిసార్లు చెప్పాల?” రవికిరణ్ కడప యాస దాచుకోడు. “పన్నెండు దినాల టూరు. ప్రాగ్‌లో మొదులుపెట్టినాం, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్‌లో ముగించినాం. మంగళవారం వియన్నాలో పాత కోటగోడ కొట్టేసి వేసిన రోడ్డు మీద తొక్కుతా ఉన్నాం. పక్కనే సైకిళ్ళకి దారి. ఒపెరా దాటినాం, రాజుగారి మహలు దాటినాం. మ్యాపుంది, ఫోటోలున్నాయి. కంపెనీ లాబీలో పెద్ద టీవీ మీద రోజూ చూపించినారు. ఇంకేం కావల్ల?”

“పాస్‌పోర్టులు.”

“ఇంకో వీసాకి ఇచ్చేశామండీ,” దేవిశ్రీ అందుకుంది. “వారంలో వచ్చేస్తాయి.”

“ఈ వారంలో జయమ్మ సగం చచ్చుంటుంది.”

విమానాశ్రయం రికార్డు కావాలంటే పోలీసు లేఖ ఉండాలి. పోలీసులకి దొంగ దొరికేసింది, లేఖ ఎందుకిస్తారు? వీరలక్ష్మి గోడ గడియారం చూసింది. ఒంటిగంటా యాభైరెండు. కేసు గెలవడం ఓడటం కాదు, ఐదులోపు ఒక్క అనుమానం, మేజిస్ట్రేటు పెన్ను ఆగేంత అనుమానం దొరికితే చాలు.

అప్పుడు రవికిరణ్ కప్పు అందుకోడానికి చెయ్యి చాపాడు.

మణికట్టు నుంచి వేళ్ళ కణుపుల దాకా చర్మం తెల్లగా ఉంది, వేళ్ళు నల్లగా కమిలాయి. ఆ తెలుపు నడుమ, చేతి వెనకవైపు, పది రూపాయల బిళ్ళంత నల్లటి గుండ్రం.

వీరలక్ష్మి ముందుకు వంగింది. “ఆ మచ్చేమిటి?”

“మచ్చ కాదు. సైకిలు గ్లౌజులకి పైన బొక్క ఉంటాది, గాలాడేదానికి. వేళ్ళూ ఉండవు. దినమంతా ఎండలో తొక్కితే గ్లౌజు కింద తెల్లగానే ఉంటాది, ఆ బొక్కలో మాత్రం కాల్తాది. తొక్కే వాళ్ళందరికీ ఉండేదే.”

కింద వాచ్‌మన్ గదిలో జయమ్మ కూతురు శ్రావణి కూర్చుని ఉంది. అదే కంపెనీలో ఏడో అంతస్తు పాంట్రీలో టీలు ఇచ్చే పిల్ల. మంగళవారం ట్రే పట్టుకుని వస్తుంటే మెట్ల తలుపు మూసుకుంటోందట. ‘చెయ్యొక్కటే కనవడ్డదక్కా. నీలం కోటు చెయ్యి. తెల్లగున్నది, నడిమిట్ల నల్లగ గుండ్రం. మా అమ్మ చెయ్యి నాకు ఎరుక లేదా? గది మా అమ్మ చెయ్యి కాదు.’ ఆ మాట పోలీసులు రాసుకోలేదు. కూతురు తల్లిని కాక ఎవర్ని కాపాడుతుంది అన్నారు.

వీరలక్ష్మికి మాట దాచుకోవడం రాదు. ఆ గుణమే ఉద్యోగం ఊడగొట్టింది, ఇవాళ ఇంకా పెద్ద పని చేసింది.

“ఆ చెయ్యిని చూసిన పిల్ల కింద కూర్చునుంది,” అంది రవికిరణ్ కళ్ళలోకి చూస్తూ. “తలుపు మూస్తున్నప్పుడు చూసింది. గుండ్రం మచ్చతో సహా. చందానగర్‌లో మా లాయరు కాగితాలు రెడీ చేసి కూర్చున్నాడు, అక్కడ సంతకం పెడుతుంది.”

రవికిరణ్ కప్పు సాసర్లో టకటకమంది. దేవిశ్రీ మాత్రం చప్పుడు చేయకుండా లేచి కప్పులు తీసింది. రెండు చేతుల వెనక వైపులా గోళ్ళ దాకా గోరింటాకు, సందు లేకుండా, నడుమ పెద్ద చందమామ. అరచేతుల్లో మాత్రం లేదు.

“ఆషాఢం వెళ్ళి రెండు నెలలైంది. ఇంట్లో పెళ్ళేమైనా ఉందా?” అనడిగింది వీరలక్ష్మి, అడగాలని కాదు, నోటికొచ్చి.

“ఆఫీసులో ఒకమ్మాయిదండీ, ఆదివారం అయింది. అందరం పెట్టించుకున్నాం.” దేవిశ్రీ గొంతు తగ్గించింది. “ఏమండీ, ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఏమైనా తిందా? పాపం, వాళ్ళమ్మ కష్టం చూస్తే నాకు నిద్ర పట్టట్లేదు. నేను ఆఫీసుకి బయల్దేరుతున్నాను. మీకు ఈయన్ని అడగాల్సినవి ఉంటే అడగండి. దాన్ని మీ లాయరు దగ్గర దింపేసి వెళ్తాను.”

మొగుడి మీద అనుమానం వచ్చి పెళ్ళాం తప్పుకుంటోంది అనుకుంది వీరలక్ష్మి. ఇలాంటి ఆడవాళ్ళని చాలామందిని చూసింది. వాళ్ళే చివరికి నిజం చెప్తారు. పైగా మొగుణ్ణి ఒంటరిగా పట్టుకోవాలి. శ్రావణికి ఫోన్ చేసి మేడంతో కారులో వెళ్ళమంది.

రెండూ ఐదుకి దేవిశ్రీ వెళ్ళిపోయింది.

రెండూ పన్నెండుకి కుమార్ వచ్చాడు.

కంపెనీ విజిలెన్స్ హెడ్. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో కాగితాలు. జయమ్మ పేరు పోలీసులకి అందించింది ఇతనే. పదివేలమంది తిరిగే టవర్లో ముందు చీపురు పట్టినవాళ్ళ కార్డులే తీసి చూశాడు. ఏసీ గదుల కార్డులు ఇవాళ్టికీ చూడలేదు.

“మళ్ళీ మీరేనా? మేడం, ఇది హెరాస్‌మెంట్. ఎంప్లాయీ ఇంటికొచ్చి ఎంక్వైరీ చెయ్యడానికి మీకేం అథారిటీ ఉందండీ? మిక్సీల కొట్టు మీద కూర్చుని..”

“మిక్సీ తిరక్కపోతే విప్పి చూస్తారు కుమార్‌గారూ. మీరు అదీ చెయ్యలేదు.”

“విప్పే చూశాను! ఇదిగో.” కాగితాలు బల్ల మీద కొట్టాడు. సైకిలు యాప్‌లో మంగళవారం ఇద్దరూ తొక్కిన రైడు. వియన్నా వీధులు, వాటి మీద ఎర్ర గీత, పక్కన నిమిషాలు. “పొద్దున పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా, వియన్నా టైము. ఎక్కడ ఎప్పుడున్నారో సెకన్లతో సహా. మనుషులు అబద్ధం చెప్తారేమో, డేటా చెప్పదు.”

“సరే. మధ్యలో గీత తెగిన చోట్లు ఎన్ని?”

“మూడు. సిగ్నల్ దగ్గర ఆగరా ఎవరైనా?”

వీరలక్ష్మి తలుపు తీసి “యాదయ్యా!” అని కేకేసింది. లిఫ్టు పక్కనే నిలబడున్న వాచ్‌మన్ యాదయ్య, చంకలో పొడుగాటి పుస్తకంతో లోపలికొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నిన్న సాయంత్రం అతని గదిలో అరగంట కూర్చున్నప్పుడు ఆ పుస్తకం వీరలక్ష్మి కంట్లో పడింది. కరెంటు పోయినప్పుడల్లా యాదయ్య లేవడం, జనరేటరు వెయ్యడం, గడియారం చూసి రాయడం.

“ఇదేందో సార్లకు చెప్పు.”

“జనరేటరు బుక్కు సార్. కరెంటు ఎప్పుడు వోయింది, జనరేటరు ఎప్పుడేసిన అని రాస్త. నిమిషం అటిటైతే కమిటీ సెక్రటరీ సారు నన్ను లిఫ్టుల నిలవెట్టి అడుగుతడు. పరేషాన్ జేస్తడు సార్, గందుకే సక్కగ రాస్త.”

“పోయిన మంగళారం చదువు.”

యాదయ్య వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. “మూడు పన్నెండుకు కరెంటు వోయింది. మూడు పదమూడుకు జనరేటరేసిన.”

“కుమార్‌గారూ, మీ గీత మొదటిసారి ఎప్పుడు తెగింది?”

“పదకొండూ నలభైరెండు. దానికీ దీనికీ..”

“మూడున్నర గంటలు కలపండి.”

కుమార్ పెదాలు కదిలాయి. మూడూ పన్నెండు.

“యాదయ్యా, రెండోది.”

“మూడు యాభై ఎనిమిది.”

“మీదండీ?”

“పన్నెండూ.. ఇరవయ్యెనిమిది.”

“కలిపితే?”

“మూడూ యాభయ్యెనిమిది.” కుమార్ గొంతులో ఇస్త్రీ పోయింది.

“మూడోది నేను చెప్తాను. ఇక్కడ నాలుగూ నలభై ఒకటికి పోయింది. వియన్నాలో ఒకటీ పదకొండుకి ఇద్దరూ ఆగారు. ఒకే సెకనులో. మణికొండలో కరెంటు పోయినప్పుడల్లా వియన్నాలో ఎర్ర లైటు పడుతుందా అండీ?”

రవికిరణ్ లేచి నిలబడ్డాడు. చేతిలో ఫోన్. “ఆ ముసలోడికేం తెలుసని..”

“కూర్చో!” ఆ కేకకి యాదయ్య కూడా వెనక్కి జరిగాడు. “చక్రం ఊడదీసి సైకిల్ని స్టాండుకి బిగిస్తారు. యాప్‌లో ఊరు ఎంచుకుంటారు. గదిలో కూర్చుని తొక్కితే మ్యాపు మీద వియన్నాలో వెళ్తున్నట్టు గీత పడుతుంది. గదిలో తొక్కినట్టు చూపే గుర్తు తీసేశారు. సాఫ్ట్‌వేరు వాళ్ళకి అదెంత పని! మొదటి వారం నిజంగానే తొక్కారు, ఫోటోలన్నీ అప్పుడే తీసుకున్నారు, తరవాత చెప్పకుండా వచ్చేశారు. స్టిక్కరున్న కారుకి సెల్లారు గేటు దానంతటదే లేస్తుంది, లోపలెవరున్నారో ఎవడూ చూడడు. అన్నీ ఆలోచించారు. అపార్ట్‌మెంటుకి జనరేటరుందిగా, ఒక్క నిమిషానికి మనకి ఇన్వర్టరు ఎందుకులే అనుకున్నారు. ఆ ఒక్క నిమిషమూ వైఫై పోయింది. దాంతో వియన్నా కూడా పోయింది.”

కుమార్ కాగితం మీంచి తలెత్తాడు. ఓడిపోయినవాడి మొండితనం ఇంకా ఉంది. “ఇక్కడే ఉన్నారనే అనుకుందాం. కానీ నాలుగూ ఇరవయ్యారుకి రైడు నడుస్తూనే ఉందండీ. రెండు ఫోన్లలోనూ. ఇద్దరూ గదిలో తొక్కుతుంటే ఆఫీసులో ఎవరున్నట్టు?”

మొదటిసారి పనికొచ్చే ప్రశ్న అడిగాడు.

“ఆ గది చూపిస్తే చెప్తాను.”

రవికిరణ్ అడ్డం వచ్చాడు. కుమార్ అతని వంకా, పుస్తకం వంకా చూసి, “తలుపు తియ్యి రవీ,” అన్నాడు. ఇంగ్లీషు ముక్క ఒక్కటీ లేకుండా.

వంటింటి వెనక చిన్న గది. కిటికీకి నల్ల గుడ్డ. మధ్యలో ఇనప స్టాండు, దానికి బిగించిన పాత సైకిలు, కింద రబ్బరు పరుపు మీద చెమట ఆరిన తెల్లటి చారలు. హ్యాండిల్ మీద ఫోన్లు పెట్టుకునే కొక్కేలు రెండు. స్టాండు మాత్రం ఒక్కటే.

“ఒక పెడలు, రెండు ఫోన్లు,” అంది వీరలక్ష్మి. “ఒకరు తొక్కితే ఇద్దరూ తొక్కినట్టు. ఒకరు ఇక్కడ. ఇంకొకరు జయమ్మ కోటు వేసుకుని మెట్ల మీద.” రవికిరణ్ చేతి వైపు వేలు చూపింది. “మచ్చ నీకుంది. వెళ్ళింది నువ్వు.”

రవికిరణ్ భయపడాలి. పడలేదు. వాడి భుజాలు కిందికి దిగాయి, బరువు దించుకున్నట్టు. గోడకి ఆనుకుని ఫోన్ మీద బొటనవేళ్ళు ఆడిస్తున్నాడు.

ఆ దిగిన భుజాలు చూసి వీరలక్ష్మి చాపిన వేలు దించింది. తప్పు పేరు చెప్పినప్పుడే దొంగ ఇలా ఊపిరి పీల్చుకుంటాడు.

వంగి సైకిలు చూసింది. సీటు కింద గొట్టం మీద రెండు టేపు ముక్కలు అంటించి ఉన్నాయి, ఒక్కొక్కరి సీటు ఎత్తుకి ఒక్కో గుర్తు, నీలం, గులాబి. సీటు నీలం గీత దగ్గరుంది. సీటు ఎత్తు మార్చాలంటే తిప్పాల్సిన మర మీద చెమట కారి కారి ఉప్పు పేరుకుంది, సున్నం పూసినట్టు. వీరలక్ష్మి గోటితో గీకింది. పొడిగా రాలింది. అంటే ఈ గదిలో తొక్కడం మొదలుపెట్టాక ఆ మరని ఎవరూ తిప్పలేదు.

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. రబ్బరు పరుపు మీంచి ఎగిరి, హ్యాండిల్ పట్టుకుని సీటు ఎక్కింది. కుమార్ నోరు తెరిచాడు. ఆమె కాలు కిందికి చాపింది. ఇంకా చాపింది. పెడలు అరికాలికి తగల్లేదు. ఇంకా అరజానెడు కిందుంది. దేవిశ్రీ ఇచ్చిన మెత్తటి చెప్పు కాలి కొస నుంచి జారి కింద పడింది.

ఆ చెప్పు వంకే చూస్తూ ఉండిపోయింది వీరలక్ష్మి.

మనిద్దరిదీ ఒకటే సైజండీ.

ఈ సీటు మీద కూర్చుని దేవిశ్రీ తొక్కలేదు. తొక్కింది పొడుగువాడు. తిరిగొచ్చాక ఈ గదిలో చెమటలు కార్చింది రవికిరణ్. మంగళవారం కోటు వేసుకుని వెళ్ళింది..

తొక్కే వాళ్ళందరికీ ఉండేదే, అన్నాడు వీడు. అందరికీ. ఆషాఢం కాని ఆషాఢంలో, అరచేతులు వదిలేసి, చేతుల వెనకవైపు సందు లేకుండా గోరింటాకు. నడుమ చందమామ. ఎండకి కమిలిన చర్మం మీద గోరింటాకు ఎర్రగా కనపడదు, నల్లగా ఉంటుంది.

సీటు మీంచి ఎలా దిగిందో తెలీదు. రెండోసారికి శ్రావణి నంబరు తగిలింది. టైము రెండూ నలభైతొమ్మిది. చందానగర్ ఇక్కణ్ణుంచి అరగంట దారి. దేవిశ్రీ బయల్దేరి నలభైనాలుగు నిమిషాలు.

“అక్కా,” శ్రావణి గొంతు. వెనక ఏసీ హోరు.

“లాయరు దగ్గరికి చేరావా?”

“లేదక్కా, ఇంక కార్లనే ఉన్న. మేడం బాచుపల్లి దిక్కు తిప్పింది. చందానగర్ల ట్రాఫిక్ జామంట, సుట్టు తిరిగి వోదామన్నది. మంచిగ బిస్కెట్లు గూడ ఇచ్చింది.”

“శ్రావణీ, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకో. నేనేమన్నా ఊఁ అని మాత్రం అను. వేరే మాట వద్దు. మేడం చేతులు చూస్తున్నావా?”

“ఊఁ.”

“స్టీరింగ్ మీదున్నాయి కదా. గోరింటాకు నడుమ గుండ్రం. అది ఎర్రగా ఉందా, నల్లగా ఉందా? ఎర్రగా ఉంటే ఊఁ అను. నల్లగా ఉంటే..”

ఏసీ హోరు. ఎక్కడో ఒక లారీ హారను. ఆ పిల్ల ఊపిరి ముక్కలు ముక్కలుగా వినిపించింది. చూస్తోంది. ఇప్పుడే చూస్తోంది.

“అక్కా..” అంది శ్రావణి చివరికి. “గదే అక్కా. గదే చెయ్యి.”

“రెడ్ లైట్ ఎక్కడ పడినా తలుపు తీసి దూకెయ్. వినపడుతోందా? దూకి..”

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

“వీరలక్ష్మిగారా అండీ?” ఆ గొంతులో కంగారు లేదు, కోపం లేదు. గచ్చు జారుతుంది అని చెప్పినప్పటి గొంతే. “మా ఆయన ఇప్పుడే మెసేజ్ పెట్టారు, మీరు సీటెక్కారంట.”

వీరలక్ష్మి తలతిప్పి చూసింది. గోడకి ఆనుకున్న రవికిరణ్ ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు.

“కాలు అందలేదు కదూ?” అంది దేవిశ్రీ. “ముందే చెప్పానుగా అండీ, మనిద్దరిదీ ఒకటే సైజని.”

కారు తలుపులన్నీ ఒక్కసారిగా లాక్ అయిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఫోన్ కట్టయింది.